రాత్రి మాత్రను పొద్దుటికి మార్చుకోండి, మానకండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక పల్లె మాది. మా ఆయనకి హెచ్‌ఐవీ ఉందని తేలాక నాకూ పరీక్ష చేశారు, ఉందన్నారు. ఏఆర్‌టీ సెంటర్‌లో ఇద్దరికీ ఒకటే మాత్ర ఇచ్చారు. డబ్బా మీద టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని ఉంది. వాడబట్టి పది వారాలు. టీబీ రాకుండా అని ఇంకో మాత్ర, దాంతోపాటు విటమిన్ మాత్ర కూడా ఇస్తున్నారు. రెండో వారం నుంచి నాకు నిద్ర లేదు. పడుకుంటే పన్నెండింటి దాకా కళ్లు మూతపడవు. పట్టినా భయంకరమైన కలలు, ఉలిక్కిపడి లేస్తాను. పగలు పిల్లల మీద అరుస్తాను, తర్వాత కూర్చుని ఏడుస్తాను. ఈమధ్య ఒకటి రెండుసార్లు ఈ బతుకెందుకు అనిపించింది. పదేళ్లుగా మందులు వాడుతున్న ఒకావిడ ‘ఈ మాత్ర రాత్రి పడుకోబోయే ముందే వేసుకోవాలి, పగలు వేసుకుంటే తల తిరుగుతుంది’ అన్నారు. అలాగే పదింటికి వేసుకుంటున్నాను. అప్పుడే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా. కడుపులో మంటకి జెలూసిల్ తాగుతున్నాను. మందుల షాపులో నిద్రమాత్ర అడిగితే ఆల్‌ప్రజోలామ్ ఇచ్చారు, పది రోజులుగా వాడుతున్నాను. ఇదంతా ఆ మాత్ర వల్లేనా? మా ఆయనకి ఏమీ లేదు, నాకే ఎందుకు? వారానికి రెండు రోజులు మానేస్తే తగ్గుతుందా? సెంటర్‌లో చెబితే పిచ్చి అని రాసేస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయిన మాటతోనే మొదలుపెడతాం. ‘ఈ బతుకెందుకు’ అనిపించడం మీ బలహీనత కాదు. డోలుటెగ్రావిర్ మందు కాగితంలోనే దిగులు, ఆత్మహత్య ఆలోచనలు దుష్ప్రభావాలుగా రాసి ఉన్నాయి. ఆత్మహత్య ఆలోచనలు అరుదు. ఇంతకుముందే డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎక్కువ. అరుదే అయినా, ఆ ఆలోచన వచ్చిందంటే తర్వాతి నెల మందుల తేదీ దాకా ఆగకూడదు. రేపే సెంటర్‌కి వెళ్లండి. ఈలోగా రాత్రి ఆ ఆలోచన గట్టిగా పట్టుకుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య లైను, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఎలా చేసుకోవాలన్నంత దూరం ఆలోచన వెళ్తే ఫోను సరిపోదు. మీ ఆయన్ని లేపండి, 108 పిలిపించి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. పల్లెటూరి ఇల్లు కాబట్టి ఇంకో మాట. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే వేరేవాళ్ల ఇంటికి చేర్పించండి. నిద్రమాత్రల అట్ట మీ ఆయన దగ్గర పెట్టించండి. ఇలాంటి ఆలోచన తరచుగా ఒక ఉధృతిలో వచ్చి సద్దుమణుగుతుంది. ఆ కాసేపు అవి చేతికి అందకపోవడమే చాలా ప్రాణాలు నిలబెడుతుంది.

ఇక మాత్ర సంగతి. వల్లే కావచ్చు, పూర్తిగా దానివల్లే కాకపోనూ వచ్చు. తేల్చుకునే దారి ఉంది.

ముందు ఆ పెద్దావిడ సలహా గురించి. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ చెప్పింది వేరే మాత్ర గురించి. 2020కి ముందు మన సెంటర్లలో కొత్తవాళ్లకి ఎక్కువగా ఇచ్చింది టీఎల్‌ఈ. అందులో టెనోఫోవిర్, లామివుడిన్‌లతోపాటు మూడో మందు ఎఫావిరెంజ్, 600 మిల్లీగ్రాములు. వేసుకున్న గంటా రెండు గంటల్లో తల తిరిగేది, తాగినట్టు ఉండేది, కలలు సినిమాలాగా వచ్చేవి. అందుకే రాత్రి పడుకోబోయే ముందు, ఖాళీ కడుపుతో వేసుకోమనేవారు. నెయ్యీ వేపుళ్లూ తిన్నాక వేసుకుంటే ఆ మందు రక్తంలోకి మరీ ఎక్కువగా ఎక్కి మత్తు పెరిగేది. ఆ సలహా ఆ మందుకి సరైనదే. 2020 తర్వాత క్రమంగా టీఎల్‌డీ వచ్చింది, మూడో మందు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. మందు మారింది కానీ పాత సలహా నోటి నుంచి నోటికి అలాగే నడుస్తోంది. డోలుటెగ్రావిర్ తీరు దానికి ఎదురు. అది మత్తు ఇవ్వదు, కొందరికి నిద్ర చెడగొడుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన సింగిల్ అనే పరీక్ష 2013లో వెలువడింది. తల తిరగడం ఎఫావిరెంజ్ వాడినవాళ్లలో వందకి 35 మందికి, డోలుటెగ్రావిర్ వాడినవాళ్లలో 9 మందికి. వింత కలలు 17 మందికి, 7 మందికి. నిద్ర పట్టకపోవడం మాత్రం తిరగబడింది: ఎఫావిరెంజ్‌లో 10, డోలుటెగ్రావిర్‌లో 15. మొత్తంగా కొత్త మందే చాలా మెరుగు, అనుమానం లేదు. కానీ మీ ఇబ్బంది సరిగ్గా అది ఎక్కువగా తెచ్చే ఇబ్బందే.

‘ఆయనకి లేదు, నాకే ఎందుకు’ అన్నారు. జర్మనీలో ఈ మందు వాడినవాళ్లపై 2017లో వచ్చిన ఒక పరిశీలనలో నిద్ర, మనసుకి సంబంధించిన ఇబ్బందులతో మందు మార్చుకోవాల్సి వచ్చినవాళ్లలో ఆడవాళ్లు, అరవై దాటినవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఏడాదిలో అలా మార్చుకున్నవాళ్లు వందకి ఆరుగురికి మించలేదు. అంటే ఇది మీ ఊహ కాదు, అలాగని మీకు ఈ మందు ఇక కుదరదనీ కాదు. చాలామంది ఉన్న మందుతోనే సర్దుకుంటారు.

సర్దుకోవడానికి మొదటి మెట్టు వేళ మార్చడం. రాత్రి పదింటి మాత్రని పొద్దున ఎనిమిదింటికి తేవాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రాత్రి మాత్ర మానేసి మర్నాడు పొద్దున వేసుకుంటారు, అప్పుడు మధ్యలో 34 గంటలు ఖాళీ పడుతుంది. అలా కాదు. రాత్రి పదింటికి మామూలుగా వేసుకోండి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికే తర్వాతి మాత్ర వేసుకోండి. ఆ ఒక్కసారి పది గంటల తేడాలో రెండు పడతాయి. కిడ్నీలు బాగున్నవాళ్లకి దానివల్ల నష్టం లేదు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకి డోలుటెగ్రావిర్‌ని పన్నెండేసి గంటలకి ఒకటి చొప్పున రోజుకి రెండు ఇవ్వడం మామూలే. అక్కణ్ణుంచి రోజూ ఎనిమిదింటికే. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉందని ఎవరైనా మీకు చెప్పి ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే ఈ మార్పు. డోలుటెగ్రావిర్‌కి ఖాళీ కడుపు నియమం లేదు. ఇడ్లీ తిన్నాక వేసుకోవచ్చు, వికారం ఉన్నవాళ్లకి అదే మేలు.

వేళ మార్చిన మర్నాడే నిద్ర వచ్చేస్తుందనుకోకండి. వారం పది రోజులు చూడాలి, దీనికోసం రేపు సెంటర్‌కి వెళ్లడం మాత్రం ఆపకండి. అన్ని రోజులూ ఒక చిన్న నోటుబుక్ పెట్టండి, పిల్లల పాత పుస్తకంలో మిగిలిన కాగితాలైనా చాలు. పేజీకి ఒక రోజు. మాత్ర వేసుకున్న టైము, దీపం ఆర్పిన టైము, నిద్ర పట్టిందనిపించిన టైము, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, చివరిసారి ఎన్నింటికి మెలకువ వచ్చింది, కల గుర్తుందా లేదా, ఆ రోజు మనసు పదికి ఎంత, రెండుపూటలా తిన్నారా, సాయంత్రం నాలుగు దాటాక టీ తాగారా. అంతే. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఎందుకింత చాదస్తమంటారేమో. డాక్టర్‌కి అసలు సంగతి ఆ కాగితంలోనే దొరుకుతుంది. మాత్ర వల్ల వచ్చే నిద్రలేమిలో సాధారణంగా పడుకోగానే నిద్ర పట్టదు, కలలు ఎక్కువ, కానీ పొద్దున లేచాక తిండి సయిస్తుంది, పనిలో పడితే మనసు కాస్త తేలికవుతుంది, వేళ మార్చాక అంకెలు మెల్లగా మెరుగవుతాయి. డిప్రెషన్‌లో ఇంకోలా ఉంటుంది. తొమ్మిదింటికే నిద్ర పట్టినా తెల్లారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ పట్టదు. పొద్దుటిపూటే మనసు మరీ బరువుగా ఉంటుంది. అన్నం సయించదు, ఇష్టమైన పని మీద కూడా మనసు పోదు, ఒంట్లో శక్తి ఉండదు. ఈ రెండోది రెండు వారాలకు మించి ఉంటే మాత్ర వేళ ఎంత మార్చినా చాలదు. దానికి విడిగా వైద్యం కావాలి. మీ ఉత్తరంలో రెండు రకాల ఛాయలూ ఉన్నాయి. కొన్ని నెలల కిందట దాకా మీ జీవితం వేరు. ఒకదాని వెంట ఒకటి ఇద్దరి రిపోర్టులూ చేతిలో పెట్టారు. ఆ దెబ్బకి ఏ మందూ లేకుండానే నిద్ర పోయేది. దాన్ని మాత్ర ఖాతాలోకి మొత్తం నెట్టేస్తే, మీ దుఃఖానికి అందాల్సిన సాయం అందకుండా పోతుంది.

ఆ టీబీ నివారణ మాత్రని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజూ వేసుకునేది ఐసోనియాజిడ్ అయితే, మోతాదు పెద్దవాళ్లకి 300 మిల్లీగ్రాములు. అది ఒంట్లో విటమిన్ బీ6ని తగ్గిస్తుంది. దాంతో అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు, చిరాకు. చాలా అరుదుగా మతి తప్పినట్టు మాట్లాడటం, లేనివి కనిపించడం. దాంతోపాటు ఇచ్చే ఆ విటమిన్ మాత్ర ఇందుకే, అది ఊరికే బలానికి అనుకుని పక్కన పడేయకండి. డాక్టర్‌కి మీరు చెప్పే లెక్కలో ఈ మాత్ర కూడా ఉండాలి.

ఇప్పుడు ఐరన్, కాల్షియం, జెలూసిల్. ఇవి మీ నిద్రని చెడగొట్టవు. వీటి గొడవ వేరే: డోలుటెగ్రావిర్‌ని కడుపులోనే పట్టేసుకుని రక్తంలోకి సరిగా పోనివ్వవు. మాత్ర రోజూ వేసుకుంటూనే ఉంటారు, లోపల పని మాత్రం సగమే జరుగుతుంది. ఐరన్, కాల్షియం మాత్రల్ని డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకోవాల్సివస్తే కడుపు నిండా అన్నం తిన్నాక వేసుకోవాలి. లేకపోతే డోలుటెగ్రావిర్ వేసుకున్న రెండు గంటల తర్వాత, లేదా దానికి ఆరు గంటల ముందు. జెలూసిల్, డైజీన్ లాంటి మంట మందుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. వాటికి అన్నం మినహాయింపు కూడా లేదు, రెండు గంటలు, ఆరు గంటలు లెక్క తప్పనిసరి. మాత్ర పొద్దున ఎనిమిదింటికి మారిందంటే ఈ గొడవ దానంతటదే తీరుతుంది. ఐరన్, కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక, మంట మందు అవసరమైతే రాత్రి. ఎవరైనా బలానికని లోహభస్మం, శంఖభస్మం ఇస్తే అవీ ఇదే కోవలోకి వస్తాయి. ఒకటి ఇనుము, రెండోది కాల్షియం.

ఆల్‌ప్రజోలామ్ విషయంలో కాస్త గట్టిగానే చెప్పాలి. చీటీ లేకుండా షాపులో ఇచ్చేయడం తప్పు. డోలుటెగ్రావిర్‌తో దానికి పెద్ద పేచీ లేదు, నిజమే. కానీ రెండు మూడు వారాలు దాటితే అలవాటైపోతుంది. అది లేకుండా నిద్ర పట్టదు, మోతాదు పెంచాలనిపిస్తుంది, పొద్దుటిపూట మందకొడితనం, కొందరిలో దిగులు ఇంకా పెరగడం. మీలా చావు ఆలోచన వచ్చిన మనిషి దగ్గర అది ఉండటమే ప్రమాదం. కొంతకాలంగా వాడి ఒక్కసారిగా ఆపితే వణుకు, గాభరా, మరీ ఎక్కువ వాడినవాళ్లకి ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి మీ అంతట మీరు పెంచొద్దు, ఎలా ఆపాలో డాక్టర్‌నే చెప్పనివ్వండి. పది రోజులే కాబట్టి తేలిగ్గానే బయటపడతారు. ఈ జవాబు చదువుతున్నవాళ్లలో రెండో దశ మందులు వాడేవాళ్లుంటే, అంటే అటజనావిర్, లోపినావిర్‌లతోపాటు రిటోనావిర్ ఉన్నవాళ్లు, వాళ్లకి ఆల్‌ప్రజోలామ్ మరింత ముప్పు. రిటోనావిర్ దాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వదు, మామూలు మోతాదే ఎక్కువైపోతుంది.

వారానికి రెండు రోజులు మానేస్తే? వద్దు. మానేసిన రోజు నిద్ర బాగా పట్టినా సరే, వద్దు. రక్తంలో మందు సగంసగంగా ఉన్నప్పుడే వైరస్ దాన్ని తట్టుకునే విద్య నేర్చుకుంటుంది. తర్వాత అదే మాత్ర పూర్తిగా వేసుకున్నా పనిచేయకపోవచ్చు. పూర్తిగా ఆపేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. చాలామందికి తెలియని ఇంకో సంగతి. ఈ మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బీ వైరస్‌ని కూడా అణిచిపెడతాయి. ఆ వైరస్ కూడా ఉన్నవాళ్లు మాత్ర ఠక్కున ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా వాచి కామెర్లు ముంచుకురావచ్చు. మాత్ర ఆపాల్సివచ్చినా, ఆ చోట ఇంకేం పెట్టాలో చూసుకుని డాక్టరే ఆపాలి.

సెంటర్‌లో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడగొచ్చు: నిద్ర, ఆకలి, ఆసక్తి, అలసట, ఏకాగ్రత, అలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది, అంతకు పైన వస్తే డిప్రెషన్ ఉందేమోనని డాక్టర్ నిదానంగా చూస్తారు. తొమ్మిదో ప్రశ్న బతకాలని లేదనిపించిందా అనే. అక్కడ ‘లేదండీ’ అనేయకండి. మాకు రాసినట్టే చెప్పండి. రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూడమని మీరే అడగండి. వీటిలో ఏది తక్కువైనా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి. మీ సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, ఎంత ఉందో కూడా చూడాలి. అది 200 లోపు ఉన్నవాళ్లలో మనసు మారడం, కొత్తగా తలనొప్పి రావడం మందు వల్ల కాకుండా మెదడులో ఇన్ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు. తలనొప్పితోపాటు జ్వరం, మెడ పట్టేయడం, వాంతులు, చూపు రెండుగా కనిపించడం, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు బలహీనపడటం, ఇంట్లోవాళ్లని పోల్చుకోలేకపోవడం: వీటిలో ఏది కనిపించినా నోటుబుక్కూ వద్దు, ఎదురుచూపూ వద్దు, ఆ రోజే ఆసుపత్రి.

డిప్రెషన్ అని తేలితే డాక్టర్ సెర్ట్రలిన్‌గానీ ఎస్సిటలోప్రామ్‌గానీ రాయొచ్చు. రెండూ టీఎల్‌డీతో ఇబ్బంది లేకుండా కలుస్తాయి. మొదటి వారంలో కాస్త గాభరా, వికారం ఉండొచ్చు, అసలు గుణం కనిపించేది రెండు నుంచి నాలుగు వారాలకి. ‘వారం వాడాను, ఏం లాభం లేదు’ అని చాలామంది ఆపేసేది సరిగ్గా మందు పనిచేయడం మొదలయ్యే ముందే. మనసుకి మందు రాసే ప్రతి డాక్టర్‌కీ మీరు టీఎల్‌డీ వాడుతున్నారని తెలియాలి. ఫిట్స్‌కీ, మనసు నిలకడకీ ఇచ్చే కార్బమజెపిన్, అలాగే ఫెనిటాయిన్ డోలుటెగ్రావిర్ మోతాదుని రక్తంలో పడగొట్టేస్తాయి.

ఇవన్నీ చేసినా మరో నాలుగు నుంచి ఆరు వారాల్లో నిద్ర దారికి రాకపోతే, లేదా ఆ చావు ఆలోచన పోకపోతే, మందు మార్చమని అడగడం మీ హక్కు. అది సెంటర్ డాక్టర్ ఒక్కరే తీసుకునే నిర్ణయం కాకపోవచ్చు, పైనున్న నిపుణుల బృందానికి రాసి అడుగుతారు. కొన్ని రోజులు పట్టొచ్చు. మారిస్తే అటజనావిర్, రిటోనావిర్ లాంటివి ఇవ్వొచ్చు. దానితో కొందరికి కళ్లు పచ్చబడతాయి కానీ అది చాలావరకు కాలేయం చెడి వచ్చే కామెర్లు కాదు. ఎఫావిరెంజ్ ఇస్తామంటే మాత్రం ‘నాకు చావు ఆలోచనలు వచ్చాయి’ అని మళ్లీ గుర్తుచేయండి. ఆ మందు మనసు మీద ఇంకా బరువైనది. 2014లో అమెరికా పరీక్షలు కొన్నిటిని కలిపి చూస్తే, ఎఫావిరెంజ్ ఉన్న మందులు వాడినవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మిగతావాళ్లకి రెట్టింపు కన్నా ఎక్కువ కనిపించాయి. కొందరి ఒంట్లో అది పుట్టుకతోనే నెమ్మదిగా విరుగుతుంది. వాళ్లలో నెలలు, ఏళ్ల తర్వాత కూడా నడక తూలడం, మతిమరుపు మొదలవ్వొచ్చు. ఇప్పటికీ ఎఫావిరెంజ్ మీదే ఉండి ఇలాంటివి కనిపిస్తున్నవాళ్లు ‘ఎన్నో ఏళ్లుగా పడిందే కదా’ అని ఊరుకోవద్దు.

పిచ్చి అని రాసేస్తారన్న భయం. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మామూలుగా మీ అనుమతి లేకుండా మీ స్థితిని బయటపెట్టకూడదని అది చెబుతుంది. అదే 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం మానసిక వైద్యం వివరాలు కూడా గోప్యంగా ఉంచాలంటుంది. నిద్ర లేదు, దిగులుగా ఉంది అని చెబితే ఎవరూ మందు ఆపేయరు. సెంటర్‌లో ఎవరైనా విసుక్కుంటే 1097కి ఫోన్ చేసి చెప్పండి, అది హెచ్‌ఐవీ విషయాల కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నడిపే ఉచిత నంబరు.

పిల్లల మీద అరిచి తర్వాత ఏడుస్తున్నానన్నారు. నిద్ర లేని మనిషికి ఓర్పు మిగలదు, అంతే. ‘అమ్మకి కొత్త మందు పడక నిద్ర పట్టట్లేదు, మీ మీద కోపం కాదు’ అని చెప్పండి, పిల్లలకి ఆ మాత్రం అర్థమవుతుంది. ఏ జబ్బుకి మందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

రేపు సెంటర్‌కి వెళ్లేటప్పుడు ఒక సంచిలో ఇంట్లో ఉన్న మందులన్నీ వేసుకెళ్లండి: ఏఆర్‌టీ డబ్బా, టీబీ మాత్ర, విటమిన్, ఐరన్, కాల్షియం, జెలూసిల్ సీసా, ఆ నిద్రమాత్రల అట్ట. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పాల్సిన పని లేదు. బల్ల మీద పెట్టి, ఏది ఎన్నింటికి వేసుకుంటున్నారో చూపించండి. మొదటి మాటగా ‘రెండు నెలలుగా నిద్ర లేదు, బతకాలని లేదనిపిస్తోంది’ అని చెప్పండి.